తోట నిండా ఒకే చెట్టు

(బేరిపండు జీవశాస్త్రం మీద చేసిన ప్రసంగం. సభకు రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినిపిస్తోందా అండీ? వినిపించకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడకండి.

ముందు ఒక తోట సంగతి చెబుతాను. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం. 1890ల నాటి మాట. ఒక కంపెనీ వాళ్లు బేరి తోట వేశారు. ఒకటి రెండు ఎకరాల్లో కాదు, వేల చెట్లు వేశారు. అన్నీ ఒకే రకం, బార్ట్‌లెట్. ఎందుకు ఒకే రకం? బజార్లో దానికే గిరాకీ గనక. చెట్లు ఏపుగా పెరిగాయి. వసంతం రాగానే విరగబూశాయి. బేరి పువ్వు తెల్లగా ఉంటుంది, గుత్తులు గుత్తులుగా వస్తుంది, పూత మీదున్న చెట్టుకి కొమ్మ కనిపించదు. మరి కాయలో? కాయల్లేవు. ఎక్కడో ఒకటీ అరా. ఎరువు తక్కువైందా? లేదు. తెగులా? చెట్టు చూస్తే నిక్షేపంలా ఉంది. మంచు దెబ్బా? అదీ కాదు.

ఆ తోటకి మెర్టన్ వెయిట్ అని ఒకాయన వచ్చాడు. అమెరికా వ్యవసాయ శాఖలో మొక్కల తెగుళ్ల శాస్త్రవేత్త. ఆయన వచ్చింది కాయలు ఎందుకు లేవో తేల్చడానికి కాదు. ఆయన పని వేరు. పూల మీద వాలే పురుగుల నుంచి ఒక తెగులు ఎలా అంటుకుంటోందో చూడాలని వచ్చాడు. ఆ తెగులు సంగతి తర్వాత చెబుతాను, గుర్తుపెట్టుకోండి. పురుగులు వాలకుండా పూలగుత్తులకి సంచులు కట్టాడు. కట్టిన గుత్తుల్లో కాయ పడలేదు. సరే, తేనెటీగ రాలేదు, పుప్పొడి అందలేదు, కాయ పడలేదు, అంతేగదా అనుకోవచ్చు. ఆయన అంతటితో ఆగలేదు. తనే పుప్పొడి తెచ్చి అద్దడం మొదలుపెట్టాడు. అదే చెట్టు పుప్పొడి అదే చెట్టు పువ్వుకి అద్దాడు. కాయ లేదు. పక్కనున్న ఇంకో బార్ట్‌లెట్ చెట్టు పుప్పొడి తెచ్చాడు. కాయ లేదు. వేరే రకం బేరి చెట్టు నుంచి తెచ్చి అద్దాడు. కాయ నిలబడింది.

చూడండి, వేరే చెట్టు చాలలేదు. వేరే రకం కావలసి వచ్చింది. ఎందుకని? ఇవాళ్టి నా ప్రసంగంలో సగం ఈ ఒక్క ప్రశ్నకి జవాబే.

బార్ట్‌లెట్ అంటే ఏమిటి? ఇంగ్లండులో బర్క్‌షైర్ జిల్లా, ఆల్డర్‌మాస్టన్ అనే ఊరు. 18వ శతాబ్దం రెండో సగంలో అక్కడ జాన్ స్టేర్ అనే బడిపంతులుగారి తోటలో ఒక గింజ మొక్క ఉండేది. దాని కాయ బాగుంది. విలియమ్స్ అనే నర్సరీ ఆయన అంట్లు కట్టి అమ్మాడు, అందుకని ఇంగ్లండులో దాని పేరు విలియమ్స్. ఆ చెట్లు అమెరికా వెళ్లాయి. మసాచుసెట్స్‌లో ఈనాక్ బార్ట్‌లెట్ అనే ఆయన ఒక ఎస్టేటు కొన్నాడు, తోటలో ఈ చెట్లున్నాయి. అసలు పేరేమిటో ఆయనకి తెలియదు. తన పేరు పెట్టి అమ్మేశాడు. తీరా తర్వాత తెలిసింది అది విలియమ్సేనని. అప్పటికే పేరు నాటుకుపోయింది. అమెరికాలో ఇప్పటికీ బార్ట్‌లెట్టే. చేసింది పంతులుగారి తోట, పేరు మాత్రం ఎస్టేటు కొన్నాయనకి! ఇలాంటివి మనకి కొత్త కాదు లెండి.

ఇందులో అసలు సంగతి ఏమిటంటే, ప్రపంచంలో ఉన్న ప్రతి బార్ట్‌లెట్ చెట్టూ ఆ పంతులుగారి చెట్టే. దాని పిల్ల కాదు, మనవరాలు కాదు. అదే. దాని కొమ్మ కోసి ఇంకో వేరు మీద అంటుకట్టారు, ఆ అంటు కొమ్మ కోసి ఇంకొకటి కట్టారు, అలా రెండు వందల యాభై ఏళ్లుగా. మన బంగినపల్లి, చిన్నరసం అంట్లు కూడా ఇదే పద్ధతి. ఆ లెక్కన వర్జీనియాలో వేల చెట్లున్న తోటలో నిజానికి ఎన్ని చెట్లున్నాయి? ఒక్కటి. ఒక్క చెట్టు తన పుప్పొడిని తనకే ఇచ్చుకుంటోంది. బేరి చెట్టు తన పుప్పొడిని తాను ఒప్పుకోదు. మన బోటనీ పుస్తకాల్లో దీన్ని ఆత్మవంధ్యత్వం అంటారు.

ఒక మాట చెప్పాలి, లేకపోతే తెలిసినవాళ్లు నన్ను పట్టుకుంటారు. కాలిఫోర్నియాలో వేడి ఎక్కువున్న లోయల్లో బార్ట్‌లెట్ ఒక్కదాన్నే వేసినా కాయలు పడతాయి. ఆ కాయ కోస్తే లోపల గింజలుండవు. ఫలదీకరణ లేకుండానే కాయ ఊరిపోయిందన్నమాట. కాయ వచ్చింది గానీ, తన పుప్పొడిని తాను ఒప్పుకుందని కాదు.

ఇప్పుడు, ఒప్పుకోదు అన్నాం. ఎలా తెలుస్తుంది దానికి? చెట్టుకి కళ్లా, చెవులా? పుప్పొడి రేణువు వచ్చి కీలాగ్రం మీద, అంటే పువ్వు మధ్య ఉండే కాడ కొస మీద పడుతుంది. సొంతదైనా పరాయిదైనా మొలకెత్తుతుంది. పరాగనాళం అనే సన్నటి గొట్టం పుడుతుంది, కీలంలోకి, అంటే ఆ కాడలోకి దిగుతుంది, కింద అండాశయం వైపు పాకుతుంది. పరాయి పుప్పొడి నాళం అండం దాకా వెళ్తుంది. సొంత పుప్పొడి నాళం కొంతదూరం వెళ్లి దారిలోనే ఆగిపోతుంది. మైక్రోస్కోపు కింద చూస్తే కొస ఉబ్బిపోయి కనిపిస్తుంది. గడప దగ్గరే ఆపెయ్యడం లేదు, గమనించండి. లోపలికి రానిచ్చి నడవలో ఆపుతోంది.

దీన్ని బేరిలో విప్పి చూపించింది ఎక్కువగా జపాన్ వాళ్లు. జపాన్ వాళ్ల బేరి వేరే జాతి, యూరప్ బేరిలా మెడ సాగి ఉండదు, ఆపిల్‌లా గుండ్రంగా ఉంటుంది, కరకరలాడుతుంది. అందులో పేరుమోసిన రకం నిజిస్సేకి. దాని పుట్టుక కూడా చెప్పాలి. 1888లో టోక్యో పక్కన చిబా ప్రాంతంలో, ఇప్పటి మాత్సుదో ఊళ్లో, మాత్సుదో కాకునోసుకే అని పదమూడేళ్ల కుర్రాడు చెత్తకుప్పలో మొలిచిన మొక్కని చూశాడు. పీక్కొచ్చి పెంచాడు. పదేళ్లకి కాపుకొచ్చింది. పచ్చటి పసుపు తొక్క, నోట్లో వేస్తే నీళ్లు కారే కాయ. రాబోయే శతాబ్దం దీనిదే అని ‘ఇరవయ్యో శతాబ్దం’ అని పేరు పెట్టారు, నిజిస్సేకి అంటే అదే. 1904లో ఆ అంట్లు తొత్తోరి అనే పడమటి తీరప్రాంతానికి వెళ్లాయి. తొత్తోరి అంటే ఇవాళ్టికీ బేరే. మళ్లీ అదే కథ గమనించారా? చెత్తకుప్పలో ఒక మొక్క, దేశం నిండా దాని అంట్లు. అది కూడా సొంత పుప్పొడిని ఒప్పుకోదు. అందుకని తొత్తోరి రైతులు పూతకాలంలో వేరే రకం పుప్పొడి పోగుచేసి, ఈకల కుచ్చుతో పువ్వు పువ్వుకీ అద్దుతారు. నిచ్చెనలెక్కి, చెట్టు చెట్టుకీ.

ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి, ఇవాళ కాస్త కష్టమైన భాగం ఇదొక్కటే. బేరి క్రోమోజోముల్లో ఒక స్థానం ఉంది, ఎస్ అని పేరు. చెట్టుకి దాని ప్రతులు రెండుంటాయి. నిజిస్సేకికి ఉన్నవి రెండో నంబరు, నాలుగో నంబరు. పుప్పొడి రేణువుకి ఒక్క ప్రతే వెళ్తుంది, సగం రేణువులకి రెండు, సగానికి నాలుగు. పువ్వు కీలంలో మాత్రం రెండు నంబర్లూ ఉంటాయి. వచ్చిన రేణువు నంబరు కీలంలో ఉన్న రెండు నంబర్లలో దేంతో కలిసినా సరే, ఆగిపోవాల్సిందే.

మనవాళ్లకి ఇది చెప్పడం తేలిక. సగోత్రం. పెళ్లిమాట వస్తే ముందు గోత్రమేమిటని అడుగుతారు కదా, అదే గోత్రమైతే అక్కడితో సరి. బేరి పువ్వు చేసేదీ అదే. ఇంకో తమాషా ఏమిటంటే, గోత్రం అడ్డుకునేది గోత్రాన్నే గానీ చుట్టరికాన్ని కాదు. మనకి మేనరికాలు లేవూ? మేనమామ కూతురు దగ్గర చుట్టమే, గోత్రం వేరు గనక పెళ్లైపోతుంది. బేరిలోనూ అంతే. తల్లి చెట్టు, పిల్ల చెట్టు, ఎస్ నంబరు వేరుగా ఉన్న రేణువు వస్తే పువ్వు కాదనదు. అది చూసేది ఆ ఒక్క స్థానాన్నే. కోసుయి అని ఇంకో జపాన్ రకం ఉంది, దాని నంబర్లు నాలుగు, అయిదు. దాని పుప్పొడి నిజిస్సేకి మీద పడితే ఏమవుతుంది? చెప్పండి చూద్దాం. ఆఁ, సరిగ్గా చెప్పావమ్మా. నాలుగు ఆగిపోతుంది, అయిదు వెళ్లిపోతుంది. సగం పుప్పొడి పనికొస్తుంది. అది చాలు కాయకి.

మరి ఆపేది ఏది? ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసే ఎంజైము ఒకటి కీలంలో తయారవుతుంది. మొదట పొగాకు జాతి మొక్కలో 1989లో దీని గుట్టు దొరికింది. జపాన్ బేరి కీలంలో అలాంటివి ఉన్నాయని 1992లో హిదెనోరి సస్సా బృందం చూపించింది. పరాగనాళం కీలంలో పాకుతూ ఆ ఎంజైముని లోపలికి తీసుకుంటుంది. ఎంజైము లోపల చేరి నాళం ఆర్‌ఎన్‌ఏని నరికేస్తుంది. ఆర్‌ఎన్‌ఏ లేకపోతే ప్రొటీన్లు లేవు, ప్రొటీన్లు లేకపోతే నాళం పెరగదు. ఆగిపోతుంది.

అయితే నాకు చాలా ఇష్టమైన మెలిక ఇక్కడుంది. మనం ఏమనుకుంటాం? పువ్వు తనవాణ్ణి గుర్తుపట్టి వాడికి మాత్రమే విషం పెడుతోందనుకుంటాం. కాదు. ఆ ఎంజైము అందరికీ ఎక్కుతుంది. సొంత పుప్పొడికీ ఎక్కుతుంది, పరాయి పుప్పొడికీ ఎక్కుతుంది. తేడా విరుగుడులో ఉంది. పుప్పొడిలో ఎఫ్-బాక్స్ అనే ప్రొటీన్లు ఉంటాయి, ఒకటి కాదు, ఒకే చోట వరసగా చాలా జన్యువులు. 2007లో సస్సా బృందం వీటికి ఏం పేరు పెట్టిందో తెలుసా? ఎస్ స్థానపు ఎఫ్-బాక్స్ బ్రదర్స్. అన్నదమ్ములు! ఒక్కో తమ్ముడు ఒకటో రెండో పరాయి ఎంజైముల్ని పట్టుకుంటాడు, వాటికి ముద్ర వేసి కణంలో చెత్త నలిపే యంత్రానికి అప్పగిస్తాడు. అందరూ కలిస్తే పరాయి ఎంజైములన్నిటికీ విరుగుడు ఉన్నట్టే. ఒక్కదానికి తప్ప. ఏ ఒక్కదానికి? తన నంబరు ఎంజైముకి. అలా ఉమ్మడిగా పనిచేస్తారన్న లెక్క 2010లో పెటూనియా మొక్కలో కుదిరింది, బేరి, ఆపిల్ జన్యువుల అమరిక కూడా ఆ లెక్కకే సరిపోతోంది. అంటే పుప్పొడి ఆగిపోయేది శత్రువని ముద్ర పడి కాదు. సొంతింటి విషానికి తన దగ్గర మందు లేక.

ఇదంతా నిజమని రుజువేమిటి? అడగాలి మీరు. రుజువు తొత్తోరి తోటల్లోనే దొరికింది. అక్కడ ఒక నిజిస్సేకి చెట్టుకి ఎవరూ పుప్పొడి అద్దకపోయినా కాయలు పడుతున్నాయి. చెట్టు అదే, కాయ అదే, ఆ గుణం ఒక్కటే వేరు. ఒసా నిజిస్సేకి అని పేరు పెట్టారు. 1997లో సస్సా వాళ్లు దాని డీఎన్‌ఏ తీసి చూస్తే నాలుగో నంబరు ఎంజైము జన్యువు అక్కడ లేదు. ఆ ముక్క ఊడిపోయింది. విషమే లేకపోయాక విరుగుడు లేకపోతేనేం? నాలుగో నంబరు రేణువులు హాయిగా వెళ్లిపోతున్నాయి. ఇప్పుడు జపాన్‌లో సొంతంగా కాసే బేరి రకాలు పుట్టించడానికి ఆ ఒసా చెట్టునే వాడుకుంటున్నారు. ప్రయోగశాలలో ఎవరో ఏళ్ల తరబడి కష్టపడి చెయ్యాల్సిన పని, ఒక కొమ్మలో దానంతటదే జరిగిపోయింది.

మంచినీళ్లు కొంచెం. థాంక్యూ బాబూ.

తోటంతా ఒకే చెట్టైతే ఇంకో చిక్కు ఉంది. ఒకదానికి తెగులొస్తే అన్నిటికీ వస్తుంది. నిజిస్సేకికి నల్లమచ్చ తెగులుంది, ఆల్టర్నేరియా అనే బూజు. మన టమాటా రైతులకి ఆ పేరు తెలుసు, ఆకుమచ్చ తెచ్చే బూజుకి దగ్గరి చుట్టం. బేరి మీద వచ్చే ఈ రకం బూజు ఒక విషం చిమ్ముతుంది. ఆ విషం నిజిస్సేకి ఆకుని మాడుస్తుంది. పక్కనే ఉన్న చోజురో అనే రకానికి పూస్తే ఏమీ కాదు. 1933లోనే తనకా అనే జపాన్ శాస్త్రవేత్త దీన్ని చూపించాడు, ఒక మొక్కని ఎంచుకుని దెబ్బకొట్టే బూజు విషాల్లో తొలిసారి బయటపడింది ఇదే. ఆ విషానికి లొంగడానికి కావలసింది ఒకే ఒక్క జన్యువు. నిజిస్సేకికి ఆ లొంగే ప్రతి ఒకటే ఉంది. అంటే ఆ ఒక్క ప్రతి చెడగొడితే చాలు, తెగులు పోతుంది. ఎలా చెడగొట్టడం?

జపాన్‌లో ఇబరాకీ అనే చోట ఒక విచిత్రమైన పొలం ఉండేది. గుండ్రటి పొలం, నడిబొడ్డున కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక లోహం. జన్యువుల్ని చెడగొట్టగల గామా కిరణాలు చుట్టూ పడుతుంటాయి, వలయాల్లాగా మొక్కలు నాటి ఉంటాయి. 1962లో అక్కడ నిజిస్సేకి అంట్లు నాటారు. ఎన్నాళ్లు చూశారు? 1981 దాకా. కోబాల్ట్‌కి 53 మీటర్ల దూరంలో ఉన్న ఒక చెట్టుకి, ఒక్క కొమ్మకి, మచ్చ లేదు. చెట్టు మిగతా అంతా మచ్చలే. ఆ కొమ్మని కోసి అంటుకట్టారు. 1990లో గోల్డ్ నిజిస్సేకి అని విడుదలైంది. తెగులు పూర్తిగా పోలేదు గానీ మందు కొట్టడం బాగా తగ్గింది. దాదాపు ఇరవై ఏళ్లు ఒక పొలం వైపు చూస్తూ కూర్చునే ఓపిక ఉండాలి అండీ. ఈ రోజుల్లో మూడేళ్ల ప్రాజెక్టులకి అలవాటుపడ్డ మనకి అది అర్థం కావడం కష్టం. ఇది నా గొణుగుడు, రికార్డింగులోంచి తీసేసినా ఫర్వాలేదు.

ఇప్పుడు వెయిట్‌గారు వచ్చిన అసలు పని. ఇంగ్లీషులో ఫైర్ బ్లైట్ అంటారు. వరిలో మనం అగ్గితెగులు అనేది బూజు వల్ల వచ్చేది, ఇది వేరు. బేరి కొమ్మ కొస నల్లగా మాడిపోయి, ఆకులు రాలకుండా వేలాడుతూ, మంట తగిలినట్టు కనిపిస్తుంది. 1780 ప్రాంతంలో న్యూయార్క్ పక్కన హడ్సన్ లోయలో మొదట గమనించారు. ఎవరికి తోచిన కారణం వాళ్లు చెప్పారు, పిడుగన్నారు, ఎండన్నారు. 1880 నాటికి ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో థామస్ బరిల్, ఇది బ్యాక్టీరియా అన్నాడు. మొక్కకి బ్యాక్టీరియా వల్ల రోగం వస్తుందని లోకంలో మొదట చెప్పింది ఈ బేరి చెట్టు మీదే. యూరప్‌లో పెద్దపెద్ద వాళ్లు చాలాకాలం నమ్మలేదు కూడా. 1891లో వెయిట్ దానికి ఇంకో ముక్క కలిపాడు. ఆ బ్యాక్టీరియాని పువ్వు నుంచి పువ్వుకి మోసేది తేనెటీగ.

చూశారా ఇరకాటం? పుప్పొడి తెచ్చేదీ తేనెటీగే, రోగం తెచ్చేదీ తేనెటీగే. రెండూ కనిపెట్టింది ఒకే మనిషి. బేరి పువ్వు మకరందంలో చక్కెర తక్కువ, పక్కన ఆవపూత ఉంటే తేనెటీగ అటే పోతుంది. అయినా అదే దిక్కు. తేనెటీగ లేకపోతే ఏమవుతుందో చూడాలంటే చైనాలో సిచువాన్ రాష్ట్రం, హన్‌యువాన్ జిల్లా చూడాలి. అక్కడి బేరి తోటల్లో పురుగుమందులు బాగా కొట్టారు. తేనెటీగల పెట్టెలవాళ్లు రావడం మానేశారు. ఇక మనుషులే చెట్లెక్కి, వెదురు కర్ర చివర ఈకలు కట్టుకుని పువ్వులకి పుప్పొడి అద్దుతున్నారు. పత్రికల్లో ఆ ఫొటోలు మీరు చూసే ఉంటారు. కూలి పెరిగాక అది గిట్టుబాటు కాక, కొందరు ఆ తోటలే తీసేశారు.

సరే, పూత అయిపోయింది. కాయ దగ్గరికి వద్దాం. ఇదిగో, ఒకటి కోస్తున్నాను. అడ్డంగా కోస్తే మధ్యలో అయిదు రేకుల నక్షత్రంలా గదులు. గదికి రెండేసి చొప్పున పది గింజలకి చోటుంది. ఇందులో నిండినవి, ఆఁ, ఏడు. మిగతా మూడూ సున్నాలు, అండం దాకా నాళం చేరలేదన్నమాట. ఇప్పుడు చెప్పండి, మనం తినే కండ అసలు కాయేనా? కాదు. అసలు కాయ ఈ మధ్య గట్టి భాగం, మనం తీసి పారేసేది. చుట్టూ ఉన్న కండ పువ్వు అడుగున ఉండే గిన్నె, పుష్పాసనంతో కలిసి ఊరింది. కింది కొసన ఎండిపోయి ఉన్నాయే, అవి రక్షకపత్రాలు. ఇంటర్‌లో బైపీసీ చదివిన వాళ్లకి అనృత ఫలం అంటే గుర్తొస్తుంది.

ఆ పుస్తకంలోనే ఇంకో వాక్యం కూడా ఉంటుంది: జామ, బేరి, సపోటా పండ్ల గుజ్జులో స్క్లీరైడ్లు ఉంటాయని. అందరం బట్టీపట్టాం. ఎంతమంది నాలుకతో చూశారు? ఈ ముక్క తీసుకుని ముందు పళ్లతో మెల్లగా నలపండి. ఇసుకలా తగులుతోందా? అవే రాతి కణాలు. కాయ చిన్న పిందెగా ఉన్నప్పుడే, పూత రాలిన తొలి వారాల్లోనే, కొన్ని కణాలు గోడల్ని లోపలికి మందంగా పోసుకుంటూ వెళ్తాయి. సెల్యులోజ్, దాని మీద లిగ్నిన్, చెక్కలో ఉండేదే. చివరికి లోపల చోటు మిగలదు, కణం చచ్చిపోతుంది, గోడ ఉండిపోతుంది. అలాంటివి గుంపులు కట్టి ఉంటాయి, గింజల గదుల చుట్టూ ఎక్కువ. డిగ్రీ ల్యాబులో ఫ్లోరోగ్లూసినాల్ పోసి, పైన ఒక చుక్క హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే, తెల్ల గుజ్జు మధ్య ఆ గుంపులు ఎర్రగా లేచొస్తాయి. మా పిల్లలకి ఆ ప్రాక్టికల్ అంటే ప్రాణం. రంగు రావడానికి అట్టే సమయం పట్టదు, అందుకని.

2013లో నాంజింగ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నాయకత్వంలో చైనా తెల్ల బేరి జన్యుపటం మొత్తం అచ్చయింది. 42,812 జన్యువులని లెక్క తేల్చారు. లిగ్నిన్ చేసే జన్యువుల్ని అందులో ప్రత్యేకంగా వెతికారు. ఎందుకంటే చైనాలో కొనేవాళ్లకి ఇసుక తగిలితే నచ్చదు, తక్కువ రాతి కణాలున్న రకాలు కావాలి. 2014లో బార్ట్‌లెట్ జన్యుపటం కూడా వచ్చింది, న్యూజిలాండ్, ఇటలీ వాళ్లు చేశారు. 2018లో 113 రకాల బేరి చెట్ల డీఎన్‌ఏ పోల్చి చూస్తే, ఆసియా బేరి, యూరప్ బేరి లక్షల ఏళ్ల కిందటే విడిపోయాయని, మనిషి వాటిని వేర్వేరుగా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా సాగులోకి తెచ్చుకున్నాడని తేలింది. పుట్టిల్లు నైరుతి చైనా కావచ్చునని వాళ్ల మాట.

మన దేశానికి బేరి ఎలా వచ్చిందో 7వ శతాబ్దంలో హ్యుయెన్‌త్సాంగ్ రాసిన ఒక కథ ఉంది. కనిష్కుడి కాలంలో చైనా వైపు నుంచి వచ్చిన బందీలను పంజాబులో ఒక చోట ఉంచారని, బేరి, పీచ్ వాళ్లే తెచ్చారని, అందుకే బేరిని చీనరాజపుత్ర అన్నారని. కథలో ఎంత నిజమో ఎవరు చెప్పగలరు? పంజాబులో ఇప్పటికీ ఎక్కువగా సాగయ్యే పత్తర్‌నాఖ్ మాత్రం చైనా ఇసుక బేరి జాతిదే. మన హైదరాబాదు బండ్ల మీద నాస్పాతి అని గట్టిగా, గోధుమరంగు చుక్కలతో దొరికేది చాలాసార్లు అదే.

ఇక మీరు ఇంటికెళ్లాక పనికొచ్చే విషయం. పండటం.

యూరప్ బేరి చెట్టు మీద సరిగా పండదు. పండదు అంటే, వదిలేస్తే లోపల గింజల దగ్గర నుంచి మెత్తబడుతుంది, పైకి గట్టిగా బాగున్నట్టే ఉంటుంది, కోస్తే మధ్య గోధుమరంగు ముద్ద. అందుకని ముదిరాక, గట్టిగా ఉండగానే కోసెయ్యాలి. కోసి ఏం చెయ్యాలి? చలిలో పెట్టాలి. మామిడికాయని గడ్డిలో, వెచ్చగా మాగవేస్తాం. దీనికి ముందు చలి కావాలి. సున్నా కంటే ఒక డిగ్రీ కిందికి తీసుకెళ్లి, బార్ట్‌లెట్ అయితే రెండు మూడు వారాలు, ఆంజూ అనే రకమైతే రెండు నెలల దాకా. ఆ తర్వాత బయటపెడితే నాలుగైదు రోజుల్లో వెన్నలా పండుతుంది. చలి చూపించకుండా ఆంజూని అప్పుడే బయటపెడితే? గట్టిగానే ఉండి ఉండి వడిలిపోతుంది, పండదు.

ఎందుకిలా? పక్వానికి కారణం ఎథిలీన్ వాయువు. పండే ఆపిల్ తనే ఎథిలీన్ విడుస్తుందని 1934లో ఇంగ్లండులో రిచర్డ్ గేన్ రుజువు చేశాడు. మొక్క దాన్ని ఎలా వండుతుందో 1979లో కాలిఫోర్నియాలోని డేవిస్‌లో షాంగ్ ఫా యాంగ్ బృందం పూర్తి చేసింది. మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం నుంచి, మధ్యలో ఏసీసీ అనే పదార్థం, దాన్నుంచి ఎథిలీన్. ఏసీసీ చెయ్యడానికి ఒక ఎంజైము, దాన్ని ఎథిలీన్ చెయ్యడానికి ఇంకో ఎంజైము. ఈ బేరి కాయలో ఆ రెండు ఎంజైముల జన్యువులూ నిద్రలో ఉంటాయి. చలి వాటిని లేపుతుంది. చలిలో ఉన్నంతసేపు సరుకు పోగవుతుంటుంది, వెచ్చగా కాగానే ఎథిలీన్ ఒక్కసారి పొంగుతుంది, ఆ ఎథిలీనే ఇంకా ఎథిలీన్‌ని పుట్టిస్తుంది. కాయ ఊపిరి కూడా పెరుగుతుంది. అప్పుడే కణాల మధ్య వాటిని అతికి ఉంచే పెక్టిన్ అనే జిగురు కరుగుతుంది, మెత్తబడుతుంది.

చెట్టు మీద ఎందుకు ఆగుతుంది మరి? చెట్టు నుంచి కాయకి వెళ్లేది ఏదో పక్వాన్ని ఆపుతోందని చాలాకాలంగా ఒక ఊహ ఉంది. ఆ ఏదో ఏమిటో ఎవరూ సీసాలో పట్టి చూపించలేదు. నాకైతే చెట్టు వైపు నుంచి ఆలోచిస్తే సబబుగానే తోస్తుంది. చలిదేశపు చెట్టు, కాయ రాలి, చలి తిని, ఆ తర్వాత మెత్తబడితే దానికి పోయేదేముంది? ఇది నా ఆలోచన, దీనికి ప్రయోగం లేదు.

జపాన్ నిజిస్సేకి అలా కాదు, ఎథిలీన్ చాలా తక్కువ చేస్తుంది. చెట్టు మీదే తీపెక్కుతుంది, కరకరలాడుతూనే తినాలి. ఎథిలీన్ ఎక్కువ చేసే జపాన్ రకాలు త్వరగా పాడవుతాయి. ఏ రకంలో ఏసీసీ ఎంజైము జన్యువు ఏ రూపంలో ఉందో చూసి, నిలవుండేదో కాదో మొక్కగా ఉండగానే చెప్పే పద్ధతిని తొత్తోరి విశ్వవిద్యాలయంలో అకిహిరో ఇతై బృందం తయారుచేసింది.

గోదాముల్లో పండకుండా ఆపడానికి ఎంసీపీ అనే వాయువు పెడతారు. అది కాయలో ఎథిలీన్ కూర్చునే పీటల మీద తను కూర్చుంటుంది. ఆపిల్‌కి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. బేరికి కాస్త ఎక్కువైతే కాయ ఇక ఎప్పటికీ పండనని మొండికేస్తుంది. కొన్న పండు వారం రోజులైనా రాయిలా ఉంటే కారణాల్లో అదొకటి కావచ్చు.

ఇంట్లో ఎలా చూడాలి? మెడ దగ్గర, తొడిమ పక్కన బొటనవేలితో మెల్లగా నొక్కండి. అక్కడ లొంగితే తినెయ్యండి. పొట్ట దగ్గర నొక్కి చూడకండి, పొట్ట మెత్తబడేసరికి లోపల అయిపోయి ఉంటుంది. గట్టిగా ఉంటే ఒక అరటిపండుతో కలిపి కాగితం సంచిలో పెట్టండి, అరటి ఎథిలీన్ ఇస్తుంది. కార్బైడ్ జోలికి మాత్రం వెళ్లకండి, పండ్లు మగ్గబెట్టడానికి మన దేశంలో దానికి నిషేధం ఉంది. లైసెన్సు గదుల్లో ఎథిలీన్ వాయువు వాడొచ్చు, 100 పీపీఎం వరకు.

ప్రశ్నలు అడగండి.

అరకులో వెయ్యొచ్చా అంటున్నారు. మంచి ప్రశ్న. చింతపల్లి, లంబసింగి వైపు ఆపిల్ వేసి చూశారు, కాబట్టి అడగడం సబబే. చూడాల్సింది చలి. బేరి చెట్టు చలికాలం నిద్రపోతుంది. మొగ్గ లోపల నిద్రని కాపాడే జన్యువులుంటాయి, చలిగంటలు నిండేకొద్దీ అవి నెమ్మదిగా అణగుతాయి, అప్పుడే మొగ్గ విచ్చుకుంటుంది. బార్ట్‌లెట్ లాంటివాటికి ఏడు డిగ్రీల కంటే తక్కువలో వందల గంటలు గడవాలి. లంబసింగిలో కొన్ని రాత్రులు గడ్డకట్టే చలి ఉంటుంది గానీ, తెల్లారి ఎండ కాస్తుంది. గంటలు కూడవు. చలి తక్కువ కోరే పత్తర్‌నాఖ్, లేకపోతే నీలగిరుల్లో కాసే కీఫర్ లాంటివి ముందు నాలుగైదు మొక్కలు వేసి చూడండి. అప్పుచేసి ఎకరాలకి ఎకరాలు వెయ్యకండి.

చివర్లో ఆ పాప ఏదో అడుగుతోంది. గింజ నాటితే మొలుస్తుందా? మొలుస్తుందమ్మా. అలాగే కుండీలో వేస్తే మాత్రం మొలవదు, గింజకి కూడా చలి కావాలి. ఈ నిండు గింజలు తీసుకెళ్లు. గుజ్జు కడిగేసి, తడి గుడ్డలోనో తడి ఇసుకలోనో చుట్టి, డబ్బాలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచు. ఫ్రీజరులో కాదు. రెండు మూడు నెలలు పడుతుంది, మధ్యమధ్యలో తడి ఆరకుండా చూడు. తెల్లటి వేరు కనిపించాక కుండీలోకి మార్చు. మొక్క వస్తుంది, ఆకులు నిగనిగలాడతాయి. పూత మాత్రం ఈ ఊరి ఎండకి వస్తుందని నేను మాటివ్వలేను.